హెల్పరు ముట్టుకోని పని

మూడుసార్లు కడిగినా పళ్ళచక్రాల సందుల్లో నూనెజిడ్డు వేలికి తగులుతూనే ఉంది. ఆమె అరిగిపోయిన బ్రష్షును మళ్ళీ కిరసనాయిలు గిన్నెలో ముంచి నాలుగోసారి మొదలుపెట్టింది. జిడ్డు మీద వెల్డింగు చేస్తే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది. బరువు పడ్డ రోజున మాత్రం దూరపు చుట్టంలా చెయ్యి వదిలేస్తుంది.

బల్ల మీద విప్పి పెట్టింది ఒక పాత కారు డిఫరెన్షియల్. కారు వయసు ముప్ఫై ఒక్క ఏళ్ళు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, నేలకు ఆనుకున్న నడుము. ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి వెనక చక్రాలు. ఎవరో వయసులో ఉండగా ముచ్చటపడి కొనుక్కుని, వయసు మళ్ళాక రేకుల షెడ్డులో వదిలేసిన స్పోర్ట్స్ కారు. ఇప్పుడు కొన్నవాడు దాన్ని డ్రిఫ్టింగు పోటీకి సిద్ధం చేయిస్తున్నాడు. మలుపులో వెనక చక్రాలను కావాలనే జారవిడిచి, ముక్కు ఒక దిక్కు, నడక ఒక దిక్కుగా బండిని పీతలా అడ్డంగా పరిగెత్తించడం ఆ ఆట. మామూలు కారులో మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగేలా సర్దుబాటు చేసేవి ఈ చిన్న పళ్ళచక్రాలే. ఈ ఆటలో సర్దుబాటు పనికిరాదు. రెండు చక్రాలూ ఒకే మాట మీద తిరగాలి. అందుకని వీటిని కదలకుండా ఒకదానికొకటి అతికేస్తారు.

ఇలాంటి బండ్లు ఆమె చేతి మీదుగా ఇప్పటికి పదకొండు వెళ్ళాయి. ఇది పన్నెండోది.

"ఏమమ్మా, మేస్త్రి గారు లేరా?"

ఆమె తలెత్తలేదు. గొంతు కొత్తది కాదు, ఆ ప్రశ్న అసలే కొత్తది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గేటు దాటి వచ్చిన ప్రతివాడూ ఆమె చేతిలో పానా చూసి, ఆమె మోచేతుల మీద వెల్డింగు నిప్పురవ్వలు మిగిల్చిన మచ్చలు చూసి, నుదుటి మీద గ్రీజు చూసి, చివరికి ఆమెనే అడుగుతాడు, మేస్త్రి ఎక్కడని. నీళ్ళలో నిలబడి ఏరు ఎక్కడని అడిగినట్టు.

"గాజు గదిలో ఉన్నారు," అంది.

వచ్చినవాడు కారు సొంతదారే. వృత్తికి పళ్ళ డాక్టరు. మనిషి మంచివాడే. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మెత్తటి చేతులు, ప్రతి మాటకూ ముందు ఒక నవ్వు. వారం రోజులుగా రోజూ వస్తున్నాడు, వచ్చిన ప్రతిరోజూ ఆమెను దాటుకుని గాజు గదికి వెళుతున్నాడు. ఇవాళ చంకలో ఒక అట్టపెట్టె ఉంది. ఎల్లుండి అతని మొదటి పోటీ.

గాజు గది మీద షాపు బోర్డు. దాని మీద యజమాని ఫోటో: చేతులు కట్టుకుని, ఒక చేతిలో పానా, చూపు దూరంగా. ఆ పానా ఆ రోజు ఫోటో కోసం ఆమె దగ్గర అడిగి తీసుకున్నదే. దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. బోర్డు కట్టి ఆరేళ్ళయింది, ఇంతవరకు ఏ ఒక్క కస్టమరూ అది గమనించలేదు.

చుట్టుపక్కల వాళ్ళు ఆమెను పానక్క అంటారు. ఎదురు వరుసలోని టైర్ల కొట్టువాళ్ళు ఎప్పుడో వెటకారానికి పెట్టిన పేరు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత, షాపులో తనకంటూ రాసిపెట్టి ఉన్న పేరు కంటే అదే నయమనిపించింది. హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన మొదటి రోజు నుంచి ఒకటే మాట: హెల్పరు.

ఆమె వెల్డింగు ముసుగు దించుకుంది. నీలపు వెలుగులో ఇనుము కరిగి, పొలుసు మీద పొలుసుగా చేపవీపులా పేరుకుంది. ఆపి, చల్లారనిచ్చి, సుత్తితో కొట్టి చూసింది. గంటలా మోగింది. మంచిది.

అసలు ఈ పని ఆయనది, ఆమె భర్తది. ఆయన ఈ షాపులో మేస్త్రి. అప్పుడు షాపును ఇప్పటి యజమాని తండ్రి, పెద్దాయన, నడిపేవాడు. ఒకరోజు నూనె కారే జాకీ ఒకటి బండిని మోస్తూ మోస్తూ కూలబడింది. కింద ఆయన ఉన్నాడు. ప్రాణం పోలేదు, నడుము పోయింది. తనిఖీకి వచ్చినవాళ్ళు కాగితం మీద 'పనివాడి అజాగ్రత్త' అని రాసుకుని టీ తాగి వెళ్ళారు. ఆ జాకీ కారుతోందని ఆయన అంతకుముందు మూడుసార్లు చెప్పాడు. చెప్పిన మాటకు కాగితం లేదు.

ఆ తర్వాత ఆమె సామాన్లు కడగడానికని వచ్చింది. ఆయన్ను రిక్షాలో తెచ్చి గేటు లోపల ఎత్తుపీట మీద కూర్చోబెట్టేది. ఆయన అక్కణ్ణించి చెప్పేవాడు, ఆమె చేసేది. "ఇంకో పావు చుట్టు. ఆగు. చెవి పెట్టి విను. ఆ టకటక వినపడిందా? అది బేరింగు." కళ్ళు ఆయనవి, చేతులు ఈమెవి. అలా తొమ్మిదేళ్ళు. తొమ్మిదో ఏడు చివర్లో ఆయన చెప్పేలోపే ఈమె చేతులు పని ముగించేవి, ఆయన ఊరికే కూర్చుని చూసేవాడు. ఆయన పోయాక ఎత్తుపీట కూడా తీసేశారు. పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వడానికి వేరే ఎవరూ లేరు. "ఆడమనిషిని మేస్త్రి అంటే బండ్లు రావమ్మా, అర్థం చేసుకో," అన్నాడు పెద్దాయన. అర్థం చేసుకుంది. బండ్లు వస్తూనే ఉన్నాయి.

ఆమె షాపులో చేరేనాటికి పెద్దాయన కొడుక్కి పద్నాలుగేళ్ళు. వాడి చేతికి పానా పట్టుకోవడం నేర్పింది ఆమే. పది రోజులు నేర్చుకున్నాడు, పదకొండో రోజు నుంచి మాట్లాడటం నేర్చుకున్నాడు. అది బాగా వచ్చింది. ఇప్పుడతను నలభై ఏళ్ళ యజమాని. ఆమెను ఎప్పుడూ 'అక్కా' అంటాడు, ఎవరూ లేనప్పుడు ఆమె 'తమ్ముడూ' అంటుంది. కస్టమర్లుంటే మాత్రం ఆమె 'సార్' అనాలి. ఆ ఏర్పాటు అతనిదే.

"అక్కా, ఇలా చూడు." ఇద్దరూ బల్ల దగ్గరకు వచ్చారు. యజమాని అట్టపెట్టె తెరిచాడు. "డాక్టరు గారు తెచ్చారు. ఇవి బిగించెయ్. సాయంత్రం నాలుగింటికి వెనక మైదానంలో టెస్టు."

పెట్టెలో ఉన్నవి రెండు నకిళ్ళు. ముందు చక్రాన్ని పట్టుకుని, స్టీరింగు తిప్పినప్పుడు దాన్ని తిప్పే ఇనుప పిడికిలిని నకిల్ అంటారు. దాని చెయ్యి పొట్టిదైతే స్టీరింగు అంతే తిప్పినా చక్రం ఇంకాస్త ఎక్కువ తిరుగుతుంది. బండి బాగా అడ్డం తిరిగినప్పుడు అదే కాపాడుతుంది, గిరగిరా బొంగరంలా తిరిగిపోకుండా. అందుకని కొందరు ఆ చేతిని మధ్యలో కోసి, పొట్టి చేసి, మళ్ళీ అతికి అమ్ముతారు. సరిగ్గా చేస్తే తప్పు లేదు. సరిగ్గా చెయ్యాలి.

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని ఒకటి చేతిలోకి తీసుకుంది. అతుకు ఉన్నచోటు అద్దంలా ఉంది. అరగదీసి, మెరుగు పెట్టారు.

"ఎంత నీట్‌గా చేశారో చూడండి," అన్నాడు పళ్ళ డాక్టరు యజమానితో.

ఆమెకు ఆ నునుపే నచ్చలేదు. మంచి అతుకును ఎవరూ దాచరు అనేవాడు ఆయన.

"భోజనం అయ్యాక చూస్తాను సార్," అంది.

వాళ్ళు వెళ్ళాక రెండు నకిళ్ళనూ కిరసనాయిలు గిన్నెలో పావుగంట నానబెట్టింది. తీసి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. సుద్దముక్క నూరి, నీళ్ళలో కలిపి, అతుకుల మీద పల్చగా పూసి ఫ్యాను కింద పెట్టింది. ఇనుములో వెంట్రుకంత సందున్నా కిరసనాయిలు అందులో దాక్కుంటుంది. సుద్ద ఆరాక దాన్ని మెల్లగా బయటికి పీలుస్తుంది. పెద్ద మిషన్లు లేని రోజుల్లో పుట్టిన పరీక్ష. ఇప్పుడూ షాపులో పెద్ద మిషన్లు లేవు.

వెనక షెడ్డు అరుగు మీద కూర్చుని డబ్బా తెరిచింది. రెండు రొట్టెలు, ఉడికించిన గుడ్డు, ఒక ఉల్లిపాయ ముక్క. కట్టింది ఆడపడుచు. బట్టలు ఉతికే కొట్టు మీద రెండు గదుల్లో ఇద్దరూ కలిసి ఉంటారు. ఆవిడ కుట్టుమిషన్ మీద బతుకుతుంది, నోటి మీద నెట్టుకొస్తుంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"తిన్నావా వదినా?"

"తింటున్నా."

"గొంతేంటి అలా ఉంది? ఎవడేమన్నాడు?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"అనకపోతే ఆ పళ్ళు ఎందుకు నూరుతున్నావు? ఇక్కడికి వినపడుతోంది. మొన్నే చెప్పా, అరిగిపోతే కట్టించుకోవడానికి పళ్ళ డాక్టరు కావాలి."

"పళ్ళ డాక్టరు ఇక్కడే ఉన్నాడు," అని ఆమె నవ్వబోయి ఆగింది. "ఆ మనిషి తెచ్చిన సామాను నాకు బాగా అనిపించడం లేదు."

"అయితే చెప్పు."

"చెబితే వింటారా?"

అవతల మిషన్ చప్పుడు ఆగింది. "మా అన్నయ్య కూడా చెప్పాడు వదినా. నెమ్మదిగా, గౌరవంగా, మూడుసార్లు చెప్పాడు. నువ్వు ఒక్కసారే చెప్పు, కానీ వినపడేలా చెప్పు."

మిగిలిన రొట్టె డబ్బాలోనే ఉంచి లేచింది.

ఫ్యాను కింద సుద్ద తెల్లగా ఆరింది. కుడి నకిల్ మీద ఏమీ లేదు. ఎడమదాన్ని వెలుతురుకు తిప్పింది. అతుకు అంచున, తెలుపు మీద, సన్నటి తడిగీత ఒకటి. సుత్తితో చిన్నగా తట్టింది. గీత ఇంకాస్త ముదిరింది, ఇంకాస్త పొడవైంది. తెల్లచీర మీద సిరాచుక్క పాకినట్టు పాకుతోంది.

ఆమెకు ముందు కలిగింది భయం కాదు, కోపం. దీన్ని కోసినవాడికి తెలుసు. అతికినవాడికి తెలుసు. తెలిసే, రాయి తీసుకుని కూర్చుని, ఓపిగ్గా నునుపు చేశాడు. పనికి పెట్టాల్సిన ఓపిక అంతా దాచడానికి పెట్టాడు. బండి అడ్డంగా జారుతూ ఉండగా ఇది తెగితే ముందు చక్రం తన ఇష్టం వచ్చిన దారిన పోతుంది. ఎదురుగా గోడ ఉంటే గోడ, జనం ఉంటే జనం.

నకిల్ పట్టుకుని గాజు గది దాకా వెళ్ళలేదు. అక్కడే నిలబడి కేకేసింది. "సార్! ఒకసారి రండి. డాక్టరు గారూ, మీరూ రండి."

యజమాని మొహం చిట్లించుకుంటూ వచ్చాడు. కేకేసి పిలవడం ఆ షాపులో అతని హక్కు.

"ఇది పగిలింది. బిగించను. పాత నకిళ్ళే ఉంచి, స్టీరింగు కడ్డీ చివర ఒక రింగు వేస్తే చక్రం అయిదారు డిగ్రీలు ఎక్కువ తిరుగుతుంది. మొదటి పోటీకి అది చాలు."

యజమాని గీతను ఒక కంటితో చూశాడు, రెండో కంటితో కస్టమర్ని చూశాడు. నవ్వాడు. "సుద్ద మీద చెమట చుక్క పడుంటుంది. మా అక్కకు భయం ఎక్కువండీ. కానివ్వక్కా, టైమైపోతోంది."

"చెమట అతుకు వెంట గీత గీసుకుంటూ పోదు సార్."

"సరే, నేను చూసుకుంటాగా. బిగించు."

"బిగించను."

యజమాని మెడ ఎర్రబడింది. గొంతు తగ్గించాడు గానీ పళ్ళ డాక్టరుకు వినపడేంతే తగ్గించాడు. "ఇక్కడ ఏది బిగించాలో, ఏది బిగించకూడదో చెప్పేది మేస్త్రి. పుస్తకంలో నువ్వేంటో నీకు తెలుసు కదా?"

ఆమె చేతులు గుడ్డతో తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకుంది.

"తెలుసు సార్. హెల్పర్ని. మీరు గుర్తు చెయ్యడం మంచిదైంది." గోడ వైపు చూపించింది. తనిఖీవాళ్ళ కోసం అంటించిన కాగితం అక్కడ ఉంది, ఏళ్ళ దుమ్ముతో. "మూడో లైను చదవండి. 'స్టీరింగు, బ్రేకు పనులు మేస్త్రి మాత్రమే చేయవలెను.' కింద మీ సంతకమే ఉంది. హెల్పరు ముట్టుకోకూడని పని ఇరవై ఆరేళ్ళుగా ముట్టుకుంటున్నాను. తప్పు నాదే. ఇవాళ్టి నుంచి ముట్టుకోను."

పానా తీసి, పిడి అతని వైపు తిప్పి చాపింది.

"బోర్డు మీద ఫోటో మీదే కదా. మేస్త్రి గారు బిగిస్తారు. నేను పక్కన నిలబడి సామాను అందిస్తాను. హెల్పర్ని కదా."

పళ్ళ డాక్టరు మొహంలోని నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. "మీరు చేస్తారనే కదా మీ దగ్గరకు వచ్చింది," అన్నాడు యజమానితో, అమాయకంగా.

ఇక వెనక్కి పోయే దారి లేదు. యజమాని చొక్కా చేతులు మడుచుకున్నాడు. లిఫ్టు మీదున్న బండి కిందికి వెళ్ళాడు. ముందు పదిహేడో నంబరు అడిగాడు, అందించింది. పట్టలేదు. పంతొమ్మిది అడిగాడు, అందించింది. పట్టింది. నట్టు ఊడదీశాడు గానీ, స్టీరింగు కడ్డీని పాత నకిల్‌కు కలిపే కీలు కదల్లేదు. దాన్ని కదపాలంటే నకిల్ కన్నానికి రెండు పక్కలా రెండు సుత్తులతో ఒకేసారి కొట్టాలి, బిగువు తనంతట తానే వదులుతుంది. అతను కింది నుంచి మరచుట్ల మీదే బాదాడు. ఒకటి, రెండు, మూడు. దెబ్బ దెబ్బకూ చుట్ల కొన పుట్టగొడుగులా విచ్చుకుంది. ఆ దెబ్బలన్నీ ఆమె పళ్ళ మీదే పడ్డట్టనిపించింది.

పళ్ళ డాక్టరు ఎంతో సేపు చూడలేదు. బల్ల దగ్గరకు నడిచి సుద్ద పూసిన నకిల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు.

"మేం కూడా ఇలాగే చేస్తాం," అన్నాడు చివరికి. "పంటిలో పగులు కంటికి కనపడదు. నీలం రంగు పూసి కడిగేస్తే పగులు దగ్గర మాత్రం నిలిచిపోతుంది. అలాంటి పన్ను మీద నేను తొడుగు వెయ్యను." ఆమె వైపు తిరిగాడు. వారం రోజుల్లో మొదటిసారి ఆమె మొహం చూశాడు. "వెనక డిఫరెన్షియల్ అతికింది మీరేనా?"

"నేనే."

"స్ప్రింగులు? హ్యాండుబ్రేకు?"

"నన్ను అడుగుతారేం, మేస్త్రి గారు అక్కడున్నారు."

బండి కింద సుత్తి ఆగింది.

"ఇవి వద్దు," అన్నాడు పళ్ళ డాక్టరు, రెండు నకిళ్ళనూ బల్ల మీద పెట్టేసి. "పారెయ్యండి. ఈవిడ చెప్పినట్టే చెయ్యండి."

అతను ఫోను మాట్లాడటానికి గేటు వైపు వెళ్ళాక యజమాని బయటకు వచ్చాడు. జుట్టులో తుప్పు రాలి ఉంది. "పరువు తీశావక్కా."

"నీ పరువు నేనెక్కడ తీశాను తమ్ముడూ? సుత్తి నీ చేతిలోనే ఉందిగా."

"సరేలే. పుస్తకంలో మార్చాలనేగా నీ బాధ? రేపు మారుస్తాను."

ఆ రేపు చాలా పాతది. పెద్దాయన దగ్గర్నుంచి కొడుక్కి ఆస్తితో పాటు వచ్చింది.

ఆమెకు వెళ్ళిపోవాలనిపించింది. కానీ బండి కీలుకు నట్టు ఊడి ఉంది, చుట్లు చెడి ఉన్నాయి, ఎల్లుండి అందులో ఒక మనిషి కూర్చుంటాడు. వీళ్ళ మీద కోపానికి పని ఏం పాపం చేసింది? చెడిన కీలును తీసి అవతల పారేసి కొత్తది వేసింది. రింగు వేసి స్టీరింగు కడ్డీ బిగించింది. పొద్దున అతికిన డిఫరెన్షియల్‌ను వెనక ఇరుసులో కూర్చోబెట్టి బిగించింది. ముందు చక్రాలను కింద ఎడంగా, పైన దగ్గరగా వాల్చింది, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డ పహిల్వానులా. రెండు పక్కలా దారం కట్టి, స్కేలు పెట్టి, చక్రం ముందు అంచుకూ వెనక అంచుకూ తేడా కొలిచింది. ముందు చక్రాలు రవ్వంత బయటికి, వెనకవి రవ్వంత లోపలికి. మోకాళ్ళు సిమెంటు నేల మీద కీచుమన్నాయి. దారం సవరించడానికి వంగిన ప్రతిసారీ నడుము మీద చెయ్యి వేసుకుంది. యాభై మూడేళ్ళు. ఒక్కో నట్టు బిగించాక దాని మీద పచ్చరంగు చుక్క పెట్టి పక్క ఇనుము మీదికి గీతలా లాగింది, నట్టు వదులైతే ఆ గీత విడిపోతుంది. చుక్క లేని నట్టును ఆమె నమ్మదు, అది తన చెయ్యే అయినా సరే.

నాలుగింటికి బండిని షాపు వెనక ఉన్న పాత గిడ్డంగి మైదానంలోకి దించారు. సిమెంటు డ్రమ్ములు మూడు దూరదూరంగా పెట్టారు. పళ్ళ డాక్టరు హెల్మెట్ పెట్టుకుని బెల్టులు బిగించుకున్నాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ బెల్టులను ఇంకోసారి లాగి చూసింది.

మొదటి రెండు చుట్లు భయంభయంగా సాగాయి. మూడో చుట్టులో డ్రమ్ము దగ్గరకు వస్తూ అతను పొడుగు పిడి హ్యాండుబ్రేకు లాగాడు. వెనక భాగం విడిపోయినట్టు పక్కకు జారింది, ముందు చక్రాలు ఎదురు తిరిగాయి, బండి మొత్తం పొగలో అడ్డంగా తేలుతూ డ్రమ్మును చుట్టేసింది. వెనక బంపర్ డ్రమ్ముకు జానెడు దూరంలో సాగిపోయింది. ఆమె చెవి ఇంజను మీద లేదు. ఇరుసు మీద ఉంది. టక్కుమనలేదు, కీచుమనలేదు. రెండు చక్రాలూ ఒకే గొంతుతో అరుస్తున్నాయి.

అతను దిగుతూనే పరిగెత్తుకొచ్చాడు. చెమటలో మొహం వెలిగిపోతోంది. "అద్భుతమండీ! నిజంగా చెబుతున్నా, మగవాళ్ళకు కూడా ఇంత బాగా రాదు!"

మెచ్చుకోలే. మనసులోంచి వచ్చిన మెచ్చుకోలే. అయినా ఆమెకు మండింది. పొగిడేటప్పుడు కూడా మధ్యలో ఒక మగవాణ్ణి నిలబెట్టి, వాడి భుజం మీదుగా కొలవాలా?

"ప్రతి చుట్టు అయ్యాక వెనక నట్లు చూసుకోండి. పచ్చచుక్క గీత కలవకపోతే నడపకండి," అంది అంతే.

ఫోటోలు తీశారు. యజమాని స్నానం చేసినవాడిలా చేతులూ మొహమూ కడుక్కొచ్చి, బండి కప్పు మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తలుపు మీద షాపు పేరు అంటించారు. "మీరూ రండి," అన్నాడు పళ్ళ డాక్టరు. "ఆవిడకు ఇష్టం ఉండదండీ, సిగ్గు," అన్నాడు యజమాని. ఆమె నోరు తెరిచేలోపే ఫోటో అయిపోయింది. బండి ట్రైలర్ మీద వెళ్ళిపోయింది.

ఎండ ఇంకా ఉంది. షాపు మూయడానికి అరగంట. గుడ్డలు తీసుకుని వెనక షెడ్డులోకి వెళ్ళేసరికి ముక్కుకు ఘాటుగా రంగువాసన తగిలింది. తీగకు రెండు నకిళ్ళు వేలాడుతున్నాయి. నల్లగా, కొత్తగా, తడితడిగా. సుద్ద లేదు, గీత లేదు. కింద నేల మీద నల్లచుక్కలు పడుతున్నాయి. యజమాని రంగుడబ్బా మూత బిగిస్తున్నాడు.

"అవి పారెయ్యమన్నారు కదా?"

"పారెయ్యడమెందుకు, ఇనుముకు ఏమైంది? రేపెవరో ఒకరు అడుగుతారు."

"పగిలింది తమ్ముడూ."

"మన గేటు దాటాక ఏమైతే మనకేంటి అక్కా? నడిపేవాడు జాగ్రత్తగా నడుపుకోవాలి." అతని గొంతులో దుర్మార్గం ఏమీ లేదు. వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. అని, ఫోను మోగితే మాట్లాడుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళాడు.

ఆమె ఆ వాసనలో నిలబడిపోయింది. ఈ వాసన ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో ఆయన పడుకుని ఉన్న నాలుగో రోజున, ఏదో కాగితం మీద వేలిముద్ర కోసం పిలిస్తే ఈ షెడ్డుకే వచ్చింది. అప్పుడిక్కడ జాకీ ఉంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఇంకా తడి ఆరకుండా. మర్నాడు తనిఖీవాళ్ళు వచ్చారు. జాకీ బాగానే ఉంది, మనిషే అజాగ్రత్త, అని రాశారు. కొత్త రంగు ఎందుకని ఆమె ఆ రోజు అడగలేదు. వేలిముద్ర వేసి వెళ్ళింది. అడగని ఆ ఒక్క మాట ఇరవై ఆరేళ్ళు ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. తను ఆ రోజే ఆ తండ్రిని అడిగి ఉంటే, ఈ కొడుకు చేతిలో ఇవాళ ఈ డబ్బా ఉండేదా?

తీగ మీంచి ఎడమ నకిల్‌ను దించింది. చేతులకు నల్లరంగు అంటుకుంది. బల్లకు బిగించిన వైసు దవడల మధ్య పెట్టి బిగించింది. కళ్ళద్దాలు పెట్టుకుని గ్రైండరు ఆన్ చేసింది. నిప్పురవ్వలు పాయలు పాయలుగా లేచి గోడకు కొట్టుకున్నాయి. ఎవరూ రాలేదు. ఆ షాపులో గ్రైండరు చప్పుడు విని ఎవరైనా ఎందుకు వస్తారు? అతుకు అంచుకు అడ్డంగా, పగులు ఎంత లోతు పోయిందో తెలిసేలా, తొందరపడకుండా కోసింది. రెండు ముక్కలయ్యాక కుడిదాన్ని కూడా దించి అడ్డంగా కోసి చెత్త ఇనుములో పడేసింది. అది మంచిదై ఉండొచ్చు. ఇక ఎవరూ దాన్ని నమ్మాల్సిన పని లేదు.

ఎడమ ముక్కలు రెండూ గాజు గదిలోకి తీసుకెళ్ళింది. బల్ల మీద హాజరు పుస్తకం తెరిచే ఉంది. వాటిని దాని మీద పెట్టింది.

సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుంది. పానాలన్నీ నంబరు వరుసలో మేకులకు తగిలించింది. అవి షాపువి. వెతికి చూసుకుంటే ఆ నాలుగు గోడల మధ్య తనదని చెప్పుకోవడానికి అన్నం డబ్బా ఒక్కటే కనిపించింది. అందులో ఇంకా సగం రొట్టె ఉంది.

గేటు దగ్గర కాపలా ముసలాయన కుర్చీలోంచి లేచాడు. "ఏంటమ్మా, ఇవాళ వెలుతురుండగానే?"

"రేపు రానన్నా."

"ఒంట్లో బాలేదా? ఎల్లుండొస్తావుగా?"

"ఎల్లుండి కూడా రాను."

అతను ఇంకేదో అడగబోయి ఆమె మొహం చూసి ఆగాడు. గేటు ఒక రెక్క తెరిచి పట్టుకున్నాడు. ఎదురు వరుసలో టైర్ల కొట్టువాళ్ళు "పానక్కా, అప్పుడేనా!" అని కేకేశారు. ఆమె చెయ్యి ఊపి, ఎండ పడుతున్న వైపే నడిచింది. ఆడపడుచుకు ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. ఒక్కసారే చెప్పింది, వినపడేలాగే చెప్పింది.

యజమాని ఫోను మాట్లాడుతూ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. గాజు గదిలో, తెరిచిన పుస్తకం మీద, ఇనుప ముక్కలు రెండూ కోసిన ముఖాలు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. బయట నల్లరంగు ఇంకా ఆరలేదు. లోపల తెల్లగా మెరుస్తున్న ఇనుములో పగులు ఒక అంచున బయలుదేరి, అవతలి అంచుకు చిటికెనగోరంత దూరంలో ఆగి ఉంది.